అరవై ఏళ్ల హోరుకు అక్షింతలు

2025 ఉగాదితో మొదలైన సంవత్సరం విశ్వావసు. 1965 ఉగాదికి వచ్చిందీ విశ్వావసే. ఆ ఏడాదే జర్మనీలో హనోవర్ నగరం పక్కనున్న సార్‌స్టెట్ అనే చిన్న ఊళ్లో రుడాల్ఫ్ షెంకర్ అనే కుర్రాడు, పదిహేడేళ్లన్నా సరిగా నిండనివాడు, తోటివాళ్లను పోగేసి ఒక బ్యాండ్ పెట్టాడు. దాని పేరు స్కార్పియన్స్. మన పంచాంగం లెక్కన ఆ బ్యాండ్‌కు అరవై సంవత్సరాల చక్రం ఒక చుట్టు పూర్తిగా తిరిగింది. విశ్వావసు అనేది ఒక గంధర్వుడి పేరు. గంధర్వుడి పేరున్న ఏట పుట్టి, మళ్లీ అదే పేరున్న ఏటికి కూడా వేదిక దిగకుండా వాయిస్తున్నవాళ్లకు షష్టిపూర్తి జరపడానికి ఇంతకన్నా మంచి ముహూర్తం ఏముంటుంది?

ఖమ్మం నుంచి వైరా, తల్లాడ దాటి కొత్తగూడెం వైపు వస్తుంటే, మిర్చి చేలు, పత్తి చేలు పలచబడి అడవి మొదలయ్యే చోట ఉంటుంది మా ఏన్కూరు. ఇక్కడి కోయ పల్లెల్లో డోలు మోగుతుంది. తండాల్లో తీజ్ పాటలు వినిపిస్తాయి. శ్రీరామనవమి వచ్చిందంటే దారి పొడవునా భద్రాద్రి రాముడి పాటలే. ఈ ఊరికీ జర్మన్ హార్డ్ రాక్‌కూ ఏం చుట్టరికం అని అడిగేవాళ్లుంటారు. క్యాసెట్ చుట్టరికం. 1991లో స్టార్ టీవీ వచ్చి, కేబుల్ వైరు ఊరూరికీ పాకుతున్న రోజుల్లో మా తరం పిల్లలు ఖమ్మంలో చదువుకునేవాళ్లు. హాస్టల్లో ఒకడి దగ్గర ఒరిజినల్ క్యాసెట్ ఉంటే పదిమంది దగ్గర దాని నకళ్లుండేవి. సెలవులకు ఊరొచ్చినప్పుడు ఆ క్యాసెట్లూ బస్సెక్కి వచ్చేవి. భాష సగమే అర్థమయ్యేది. గొంతు మాత్రం మొత్తం అర్థమయ్యేది.

హార్డ్ రాక్ అనగానే చెవులు మూసుకునే పెద్దవాళ్లున్నారు కాబట్టి, ఆ హోరు ఎలా పుడుతుందో చెప్పి ముందుకు వెళతాను. యాంప్లిఫయర్ మోయగలిగిన దానికన్నా ఎక్కువ బలంగా ఎలక్ట్రిక్ గిటారు శబ్దాన్ని దానిలోకి పంపితే స్వరం అంచులు చితికి గరుకెక్కుతుంది. ఆ గరుకే ఈ సంగీతానికి ప్రాణం. అయితే గరుకెక్కిన గిటారు మీద నాలుగైదు స్వరాలు కలిపి మీటితే ఒకదాన్నొకటి గుద్దుకుని రొద అవుతుంది. అందుకని గాంధారాన్ని పక్కన పెట్టి షడ్జమం, పంచమం మాత్రమే కలిపి కొడతారు. దాన్ని పవర్ కార్డ్ అంటారు. మన తంబురా శ్రుతిలో నిత్యం వినిపించే స, ప జంటే అది. రుడాల్ఫ్ షెంకర్ ఈ అరవై ఏళ్లూ ముఖ్యంగా చేసిన పని ఆ జంటను లయ సడలకుండా, బిగువు తగ్గకుండా మోగించడం. సోలోలు వాయించి చప్పట్లు అందుకునే పనిని ఎక్కువగా పక్కవాళ్లకు ఇచ్చి, పునాది తను పట్టుకున్నాడు. బ్యాండ్ పెట్టిన మనిషి అలా చెయ్యడం అరుదు.

గాంధారం తీసేస్తే బలం మిగులుతుంది కానీ, సంతోషమో దుఃఖమో తేలదు. స్కార్పియన్స్ గొప్పతనం ఇక్కడ తెలుస్తుంది. 1984లో వచ్చిన ‘స్టిల్ లవింగ్ యూ’ పాట వినండి. మొదట గరుకు లేని గిటారు మీద తీగలు ఒక్కొక్కటే మీటుతూ సాధారణ గాంధారాన్ని మెల్లగా చెవిలో వేస్తారు. క్లౌస్ మైనే గొంతు దాదాపు మాట్లాడుతున్నట్టే ఎత్తుకుంటుంది. పాట ఆరు నిమిషాలకు పైగా సాగుతుంది. డ్రమ్స్ చేరతాయి, గరుకు గిటార్లు చేరతాయి, గొంతు మెట్టు మెట్టుగా పైకెక్కుతుంది. మొదట గొణిగిన వేదనే చివరికి ఆకాశానికి వినపడేలా అరుస్తుంది. మెత్తని పాట, గట్టి పాట అని రెండు డబ్బాల్లో వేసుకోకుండా, ఒకే పాటలో ఆ చివర నుంచి ఈ చివరకు నడిపించడం ఈ బ్యాండ్ నేర్చిన విద్య. 1979 నాటి ‘హాలిడే’, ‘ఆల్వేస్ సమ్‌వేర్’ పాటల్లోనే ఆ నడక మొదలైంది.

ఆ విద్య ఒక్కరోజులో అబ్బలేదు. రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన మూడేళ్లకు, 1948లో పుట్టినవాళ్లు రుడాల్ఫ్, క్లౌస్ ఇద్దరూ. బాంబులకు నేలమట్టమై మళ్లీ కట్టుకుంటున్న హనోవర్ వాళ్ల బాల్యం. రేడియోలో ఎల్విస్‌ను, బీటిల్స్‌ను విని పెరిగారు. జర్మన్ కుర్రాళ్లు ఇంగ్లీషులో రాక్ పాడటమేమిటని సొంత దేశంలోనే పెదవి విరిచినవాళ్లున్నారు. 1969 చివర్లో క్లౌస్, రుడాల్ఫ్ తమ్ముడు మైకేల్ షెంకర్ బ్యాండ్‌లో చేరారు. 1972లో తొలి ఆల్బం ‘లోన్సమ్ క్రో’ వచ్చింది. అది రికార్డు చేసేనాటికి మైకేల్‌కు మీసాలు కూడా సరిగా రాలేదు. ఆ వయసుకే అతని గిటారు పెద్దవాళ్లను తలతిప్పి చూసేలా చేసింది. 1973లో జర్మనీ పర్యటనకు వచ్చిన యూఎఫ్ఓ అనే బ్రిటిష్ బ్యాండ్‌కు గిటారిస్టు లేకపోతే మైకేల్ సాయానికి వెళ్లాడు. వాళ్లు అతన్ని తమతోనే తీసుకుపోయారు.

మరో బ్యాండ్ అయితే అక్కడితో కథ ముగిసేది. రుడాల్ఫ్ మాత్రం డాన్ రోడ్ అనే మరో స్థానిక బ్యాండ్‌తో కలిశాడు. దాని గిటారిస్టు ఉలి జాన్ రోత్, బేస్ వాయించే ఫ్రాన్సిస్ బుఖోల్జ్ అలా స్కార్పియన్స్‌లోకి వచ్చారు. పేరు పాతది, ఒళ్లు కొత్తది. రోత్ గిటారు విద్వాంసుడు హెండ్రిక్స్‌కు భక్తుడు. అతను ఉన్న నాలుగు స్టూడియో ఆల్బముల్లో బ్యాండ్ ఎన్నడూ పోని దారుల్లో పోయింది. 1977లో ‘టేకెన్ బై ఫోర్స్’ ఆల్బంలోని ‘ది సెయిల్స్ ఆఫ్ కేరన్’ వింటే మన చెవికి వకుళాభరణం ఛాయలు తగులుతాయి. కర్ణాటక సంగీతం తెలిసినవాళ్లు ఎవరైనా ఒకసారి విని చూడండి. 1978లో టోక్యోలో చేసిన కచేరీలో జపాను శ్రోతల కోసం ‘కోజో నో త్సుకి’ అనే వాళ్ల పాత పాటను క్లౌస్ జపాను భాషలోనే పాడాడు. పోయిన చోటల్లా అక్కడి మనుషుల పాటకు నమస్కారం పెట్టే అలవాటు అప్పటిది.

ఆ కచేరీల తర్వాత రోత్ తన దారి తను చూసుకున్నాడు. 1978లో మథియాస్ యాబ్స్ వచ్చాడు. వచ్చీరాగానే అతనికొక పరీక్ష. యూఎఫ్ఓ వదిలిన మైకేల్ అన్న దగ్గరకు తిరిగొచ్చి 1979 నాటి ‘లవ్‌డ్రైవ్’ ఆల్బంలో కొన్ని పాటలకు వాయించాడు, పర్యటనకూ బయల్దేరాడు. యాబ్స్ పక్కకు తప్పుకోవలసి వచ్చింది. మైకేల్ పర్యటన మధ్యలో ఆగిపోతే మళ్లీ యాబ్స్‌నే పిలిచారు. అతను పంతానికి పోకుండా వచ్చాడు. నేటికీ అతనే ఉన్నాడు. 1979లోనే బ్యాండ్ తొలిసారి అమెరికా వెళ్లి న్యూయార్క్ 42వ వీధిని చూసొచ్చిన అనుభవం నుంచి ‘ది జూ’ పాట పుట్టింది. అందులో యాబ్స్ టాక్‌బాక్స్‌తో గిటారును మనిషిలా మాట్లాడించాడు. లండన్‌లో ఉండి వచ్చిన డ్రమ్మర్ హెర్మన్ రేర్‌బెల్ ఇంగ్లీషు సాహిత్యంలో చెయ్యి వేశాడు. రుడాల్ఫ్ బాణీ, క్లౌస్ మాట, యాబ్స్ మెరుపు, రేర్‌బెల్ దెబ్బ, బుఖోల్జ్ బేస్, నిర్మాత డీటర్ డీర్క్స్ చెవి. కొలిమి అంటుకుంది.

సరిగ్గా అప్పుడు, 1981లో, క్లౌస్ మైనే గొంతు పోయింది.

స్వరతంత్రుల మీద కాయలు. శస్త్రచికిత్స జరిగింది, మరొకటి కావలసి వచ్చింది. ఇక వేరే పని వెతుక్కోవడం మంచిదన్న మాటా వైద్యుల నుంచి విన్నాడు. క్లౌస్ తనంతట తనే రుడాల్ఫ్ దగ్గరకు వెళ్లి, వేరే గాయకుణ్ని చూసుకోండి, నా కోసం ఆగొద్దు అన్నాడు. అమెరికా తలుపు అప్పుడే సగం తెరుచుకుంది. ఒక్క ఏడాది వెనకబడితే ఆ తలుపు మూసుకుపోవచ్చు. లెక్క తెలిసినవాళ్లెవరైనా మరో గాయకుణ్ని పెట్టుకునేవాళ్లే. రుడాల్ఫ్ ఒప్పుకోలేదు. నీ గొంతు వచ్చేదాకా ఆగుతాం అన్నాడు. మా వైపు డప్పు సడలితే మంట దగ్గర పెట్టి కాచుకుంటారు తప్ప అవతల పారెయ్యరు. ఆ హనోవర్ కుర్రాళ్లు స్నేహితుడి గొంతును అలాగే కాచుకున్నారు. పాటల నమూనాలకు డాన్ డాకెన్ అనే మరో గాయకుడు సాయం పట్టాడు. క్లౌస్ నెలల తరబడి సాధన చేసి, పోయిన గొంతు కన్నా గట్టి గొంతుతో తిరిగొచ్చాడు.

1982 మార్చిలో ‘బ్లాకవుట్’ వచ్చింది. మొదటి పాటలోనే క్లౌస్ ఎత్తుకున్న స్థాయి వింటే ఆ గొంతుకు ఆపరేషన్ అయిందని ఎవరూ నమ్మరు. ఆ ఆల్బం అమెరికా జాబితాలో తొలి పది స్థానాల్లో నిలిచింది. అందులోని ‘నో వన్ లైక్ యూ’ రేడియోల్లో మారుమోగింది. 1983 మేలో కాలిఫోర్నియాలో జరిగిన యూఎస్ ఫెస్టివల్‌లో లక్షల జనం ముందు నిలబడ్డారు. మరుసటి ఏడాది ‘లవ్ ఎట్ ఫస్ట్ స్టింగ్’ ఆల్బంతో ‘రాక్ యూ లైక్ ఎ హరికేన్’, ‘స్టిల్ లవింగ్ యూ’ ప్రపంచమంతా తిరిగాయి. ఆ విజయాల వెనక 1981లో ఒక స్నేహితుడు ఆగడం ఉంది. నాకు తెలిసినంతలో స్కార్పియన్స్ చరిత్రలో అన్నిటికన్నా గొప్ప నిర్ణయం అదే. ఏ స్టేడియం కచేరీ దానికి సాటి రాదు.

తర్వాత వాళ్ల చూపు తూర్పుకు తిరిగింది. 1988 ఏప్రిల్‌లో సోవియట్ లెనిన్‌గ్రాడ్‌లో వరసగా పది కచేరీలు చేశారు. యుద్ధంలో జర్మన్ సైన్యం దాదాపు 900 రోజులు ముట్టడించి ఆకలితో మాడ్చిన నగరం అది. తండ్రుల తరం తుపాకులతో వెళ్లిన చోటికి కొడుకులు గిటార్లతో వెళ్లారు. 1989 ఆగస్టులో మాస్కో స్టేడియంలో జరిగిన శాంతి సంగీతోత్సవానికి బాన్ జోవి, ఓజీ ఆజ్‌బర్న్, మాట్లీ క్రూ లాంటివాళ్లతో కలిసి మళ్లీ వెళ్లారు. కాపలాకు నిలబెట్టిన సైనికులే వేదిక వైపు తిరిగి జనంలో కలిసిపోయారని క్లౌస్ చెప్పాడు. ఆ రోజుల్లో మాస్క్వా నది మీద పడవలో పోతూ అతను చూసినదీ విన్నదీ కలిసి ఒక పాటైంది. సెప్టెంబరులో రాసుకున్నాడు. నవంబరు 9న బెర్లిన్ గోడ కూలింది.

ఆ పాట ‘విండ్ ఆఫ్ చేంజ్’. మాట, బాణీ రెండూ క్లౌస్‌వే. మొదలవగానే ఈల. ఏ వాయిద్యమూ రాని మనిషి కూడా వెయ్యగలిగే ఈల. రికార్డు కంపెనీవాళ్లు ఆ ఈల తీసేయమన్నారు. తీసి చూశారు. పాటలో ఏదో పోయినట్టనిపించి మళ్లీ పెట్టేశారు. 1990 నవంబరులో ‘క్రేజీ వరల్డ్’ ఆల్బంలో వచ్చిన ఆ పాట మరుసటి ఏడు జర్మనీలో మొదటి స్థానానికి, అమెరికాలో నాలుగో స్థానానికి చేరింది. రష్యన్ భాషలోనూ, స్పానిష్‌లోనూ పాడారు. 1991 డిసెంబరులో సోవియట్ అధ్యక్షుడు గోర్బచేవ్ వాళ్లను క్రెమ్లిన్‌కు పిలిచి మాట్లాడాడు. ఆ నెలలోనే సోవియట్ యూనియన్ లేకుండా పోయింది. మా ఖమ్మం లాంటి ఎర్రజెండాల జిల్లాలో ఆ వార్త మీద రాత్రులకు రాత్రులు వాదనలు జరిగాయి. పార్టీ మాట ఏదైనా, మనుషులు ఒకరి మీద ఒకరు తుపాకీ గురిపెట్టని రోజు రావాలన్న ఆశ ఆ పాటలో ఉంది. ఆ ఆశతో ఎవరికీ పేచీ లేదు. 2022లో ఉక్రెయిన్ మీద యుద్ధం మొదలయ్యాక క్లౌస్ ఆ పాట మొదటి మాటలనే మార్చి ఉక్రెయిన్ కోసం పాడాడు. లోకమంతటికీ కంఠతా వచ్చిన పాటను డెబ్బై మూడేళ్ల వయసులో తన చేత్తో దిద్దుకోవడానికి నిజాయితీ ఉండాలి.

అన్నీ సరైన అడుగులేనని నేను అనను. 1976 నాటి ఆల్బం అట్ట మీద వచ్చిన విమర్శ న్యాయమైనది, దాన్ని తర్వాత మార్చారు. 1999లో ‘ఐ టు ఐ’ ఆల్బంలో ఆనాటి పాప్ పోకడల వెంట పోతే పాత అభిమానులు నొచ్చుకున్నారు. అయినా ప్రయోగం మానలేదు. 2000లో బెర్లిన్ ఫిల్హార్మోనిక్ వాద్యబృందంతో కలిసి ‘మొమెంట్ ఆఫ్ గ్లోరీ’ చేశారు. 2001లో లిస్బన్‌లోని ఒక పాత మఠంలో కరెంటు గిటార్లు పక్కన పెట్టి ‘అకూస్టికా’ రికార్డు చేశారు. హోరు తీసేసినా పాట నిలబడుతుందని అక్కడ రుజువైంది. 2004లో ‘అన్‌బ్రేకబుల్’తో తమ పాత బలానికి తిరిగొచ్చారు. 2007 డిసెంబరులో మన దేశానికి వచ్చి షిల్లాంగ్, బెంగళూరు, ముంబై నగరాల్లో పాడారు. ఆ రోజుల్లో తెలుగు కుర్రాళ్లు బెంగళూరు రైలెక్కేందుకు ఎంత తహతహలాడారో ఆ తరంవాళ్లను అడిగితే చెబుతారు.

2010లో ఇక వీడ్కోలు అన్నారు. ‘స్టింగ్ ఇన్ ది టెయిల్’ ఆల్బం, దాంతోపాటు చివరి పర్యటన. ఆ పర్యటన తిరుగుతుండగానే, పోయిన చోటల్లా తాము పుట్టకముందు నాటి పాటలను పాడుతున్న పిల్లలను చూసి మనసు మార్చుకున్నారు. ఆ మాట తప్పినందుకు నేను వాళ్లను తప్పుపట్టను. 2015లో యాభై ఏళ్లకు ‘రిటర్న్ టు ఫరెవర్’ వచ్చింది. లోకమంతా తలుపులేసుకున్న కరోనా రోజుల్లో సొంతూరు హనోవర్‌లోనే కూర్చుని ‘రాక్ బిలీవర్’ చేసి 2022లో వదిలారు. ఇరవై ఏళ్లు డ్రమ్స్ వాయించిన జేమ్స్ కొటాక్ 2024 జనవరిలో కన్నుమూశాడు. ఈ పండగపూట అతన్నీ తలచుకోవాలి. అతని తర్వాత 2016లో మోటర్‌హెడ్ నుంచి వచ్చిన స్వీడన్ డ్రమ్మర్ మికీ డీ, పోలండ్ నుంచి వచ్చిన బేస్ వాద్యకారుడు పావెల్ మాచివోడా ఇప్పుడు ఇంటివాళ్లే.

ఇంటివాళ్లని ఊరికే అనలేదు. 2024 చివర్లో మికీ డీ రక్తంలో ఇన్ఫెక్షన్ చేరి ఆసుపత్రి పాలయ్యాడు. 2025 తొలి నెలల్లో లాస్ వేగాస్‌లో ఖరారైన అరవై ఏళ్ల వేడుక కచేరీలు ఆగస్టుకు వాయిదా పడ్డాయి. అప్పటికి డెబ్బై ఏడో ఏట నడుస్తున్న రుడాల్ఫ్, క్లౌస్‌లకు నెలలు ఎంత విలువైనవో వేరే చెప్పాలా? అయినా ఆగారు. 1981లో గాయకుడి కోసం ఆగినవాళ్లు 2025లో డ్రమ్మర్ కోసం ఆగారు. కూర్పు మారింది, జుట్టు నెరిసింది, గుణం మాత్రం మారలేదు. 2025 జులై 5న హనోవర్ స్టేడియంలో సొంతూరివాళ్ల మధ్య పండగ చేసుకున్నారు. జుడాస్ ప్రీస్ట్, ఆలిస్ కూపర్ అతిథులుగా వచ్చి వాయించారు. ప్రపంచమంతా తిరిగినా ఇల్లు మారని బ్యాండ్‌కు అంతకన్నా సొగసైన షష్టిపూర్తి ఉండదు.

ఈ వ్యాసం చదివే పిల్లల్లో కొందరికి గిటారు ఉంటుంది, కొందరికి డప్పు ఉంటుంది, కొందరికి గొంతు మాత్రమే ఉంటుంది. ఖమ్మంలో, కొత్తగూడెంలో, భద్రాచలంలో ఇవాళ కాలేజీ పిల్లలు బ్యాండ్లు పెట్టుకుంటున్నారు. వాళ్లకు చెప్పదలచుకున్నది ఒకటే. స్వరం నేర్పే గురువులు దొరుకుతారు, లయ సాధనతో వస్తుంది. పక్కవాడి గొంతు పోయినప్పుడు ఆగడం మాత్రం మీకు మీరే నేర్చుకోవాలి. అరవై ఏళ్లు నిలబెట్టేది అదే.

రుడాల్ఫ్ షెంకర్ గారూ, మీరు పట్టుకున్న స, ప జంట ఇంకా బిగువు సడలలేదు. క్లౌస్ మైనే గారూ, మీ ఈల మా పిల్లలకూ వచ్చు. మథియాస్ యాబ్స్ గారూ, మీరు పంతానికి పోకుండా తిరిగి రావడం వల్ల మాకెన్ని పాటలు దక్కాయో. పావెల్ గారూ, మికీ గారూ, పెద్దల ఇంట్లో అడుగుపెట్టి దాని గౌరవం నిలబెట్టారు. దారిలో ఈ బరువు మోసి పక్కకు వెళ్లిన మైకేల్, ఉలి, హెర్మన్, ఫ్రాన్సిస్‌లకూ ఈ అక్షింతల్లో వాటా ఉంది.

ఈ అడవి అంచున ఉన్న ఏన్కూరు నుంచి, మీ పాట విని పెరిగిన తెలుగువాళ్లందరి తరఫున మీకు నిండు మనసుతో అభినందనలు. గొంతులు చల్లగా ఉండాలి, చేతులు గట్టిగా ఉండాలి, మీ స్నేహం ఇలాగే వర్ధిల్లాలి. ఈసారి భారతదేశం వస్తే హైదరాబాదులో ఒక కచేరీ పెట్టండి. ఖమ్మం జిల్లా నుంచి బస్సులు కట్టుకుని వస్తాం.